పక్షవాతం తర్వాత గుర్రం మీద ఫిజియోథెరపీ: ఏడాదికి పైగా వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, నాకు ఇది పనిచేసింది. అయితే కాలు కంటే ముందు మనసు మీద పనిచేసింది. ఈ సంగతి మొదట్లో నాకెవరూ చెప్పలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాది నెల్లూరు. అల్లూరు పక్కన రొయ్యల గుంటలు చూసుకునేవాణ్ణి. పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. ఆస్పత్రి, ఫిజియోథెరపీ అన్నీ అయ్యి కర్ర పట్టుకుని నడిచే దాకా వచ్చాను, అక్కడే ఆగిపోయింది. దాంతోపాటు ఇంకోటి మొదలైంది. పొద్దున లేవబుద్ధి కాదు, చుట్టాలు చూడ్డానికి వస్తే నిద్రపోతున్నట్టు పడుకునేవాణ్ణి, గుంటల దగ్గర్నుంచి ఫోన్ వస్తే మా ఆవిడ చేతికిచ్చేసేవాణ్ణి. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుందంట, డాక్టర్ చెప్పాడు. మన ఇళ్లల్లో దాన్ని బద్ధకం అంటారు, లేదంటే ‘ధైర్యం తెచ్చుకో’ అంటారు.

మా ఫిజియో గుర్రం మాట ఎత్తినప్పుడు ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఒంగోలు నుంచి మా బావ ఫోన్ చేసి, నడవలేనోణ్ణి గుర్రం ఎక్కించేదేంది అని గట్టిగానే అడిగాడు. ఆ అడగడంలో న్యాయం ఉంది. ఫిజియో దీంట్లో ట్రైనింగ్ తీసుకున్నాడు కాబట్టి సరేనన్నాం. ఊరి బయట గుర్రాలు పెంచే ఒకాయన తోటలో మొదలుపెట్టాం. బోర్డు పెట్టుకున్న సెంటర్ కాదు. వాటిల్లో నెమ్మదైన ముసలి ఆడగుర్రాన్ని ఫిజియోనే ఎంచుకుని, మా కోసం కొన్నాళ్లు అలవాటు చేశాడు.

ఇక లోపల జరిగేది చెబుతాను. గుర్రాన్ని దౌడు తీయించరు, నడిపిస్తారంతే. జీను ఉండదు, మందపాటి మెత్త వేసి నడుం పట్టీ కడతారు, దానికి పట్టుకోవడానికి పిడులుంటాయి. తలకి హెల్మెట్. ఎక్కడానికి సిమెంటు ర్యాంపు కట్టారు, కింద నుంచి ఎగిరి ఎక్కే పని లేదు. కళ్లెం పట్టుకుని ఒకరు ముందు నడుస్తారు, నాకు అటొకరు ఇటొకరు. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ కదులుతుంది, మనిషి నడిచేటప్పుడు తుంటి కదిలే తీరుకి ఇది చాలా దగ్గర. నిమిషానికి సుమారు 100 అడుగులు వేసుకోండి. అరగంటలో ఆ కదలిక వేలసార్లు నా నడుముకి అందుతుంది, ప్రతిసారీ పడిపోకుండా ఒళ్లు తనంతట తనే సర్దుకుంటుంది. ఇంట్లో ‘పది సార్లు నడుం తిప్పండి’ అంటే నాలుగో సారికే విసుగొచ్చేది నాకు. ఇక్కడ లెక్కే ఉండదు. మలుపు తిప్పుతారు, ఉన్నట్టుండి ఆపుతారు, కళ్లు మూసుకోమంటారు, ఎడమ చేతిని గుర్రం మెడ దాకా చాపమంటారు. మొదటి వారాల్లో దిగేసరికి నడుం, తొడలు పులిసిపోయేవి.

కానీ నన్ను మార్చింది ఎక్కడం కాదు, ఎక్కకముందు జరిగే పని. గుర్రానికి బ్రష్ చెయ్యాలి, నానబెట్టిన ఉలవలు పెట్టాలి. బ్రష్ ఎడమ చేతిలో పెట్టి దాని మీద కుడి చెయ్యి వేసి రుద్దిస్తాడు ఫిజియో. ఆ చెయ్యి ఉందనే మర్చిపోయి బతుకుతున్న నాకు, అది ఒకళ్లకి పనికొస్తుందని అక్కడే అనిపించింది. ఒకరోజు రొయ్యల రేటు పడిపోయిందని గుంటల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, ఆ కోపంతోనే గుర్రం దగ్గరికి పోయాను. చెవులు వెనక్కి పెట్టి తల ఎత్తేసింది. ‘ఇప్పుడు ఎక్కొద్దన్నా, కాసేపు దాని పక్కన ఊరికే నిలబడు’ అన్నాడు అక్కడి పిల్లోడు. నిలబడ్డాను. నా ఊపిరి నెమ్మదించిన కొంతసేపటికి అదీ తల దించింది. ఇందులో మంత్రమేం లేదు. గుర్రం వేటాడే జంతువులకి భయపడి బతికిన జీవి, ఎదుటివాడి ఒంట్లో బిగువుని కనిపెట్టడం దానికి ప్రాణావసరం. ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు గుర్రాలకి మనుషుల ఫొటోలు చూపించి, కోపంగా ఉన్న మొహం చూస్తే వాటి గుండె వేగం త్వరగా పెరుగుతోందని 2016లో రాశారు. నా మీద జాలిపడని, నన్ను తొందరపెట్టని జీవి ఆ రోజుల్లో అదొక్కటే. మర్నాడు మళ్లీ పోవాలనిపించింది. నాకు ఏదన్నా చెయ్యాలనిపించడమే అప్పటికి పెద్ద సంగతి.

ఆధారాలేంటని అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. నా జబ్బుకి సంబంధించి స్వీడన్‌లో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. పక్షవాతం వచ్చి 10 నెలల నుంచి 5 ఏళ్లు అయిన 123 మందిని మూడు గుంపులు చేశారు. కోలుకున్నామని చెప్పినవాళ్లు గుర్రం గుంపులో 56 శాతం, తాళం, సంగీతంతో చేసిన గుంపులో 38 శాతం, ఈ రెండూ లేని గుంపులో 17 శాతం. ఇది వాళ్లకి అనిపించిన మెరుగు అని గుర్తుంచుకోండి. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా మెరుగు ఉంటుందనే మాట నాకు బలం ఇచ్చింది. ఆటిజం పిల్లల మీద అమెరికాలో 127 మందితో చేసిన పరీక్షలో చిరాకు, అతి చురుకుదనం తగ్గాయని 2015లో వచ్చింది. ఈ చికిత్సకి పేరు తెచ్చినావిడ డెన్మార్క్ గుర్రపు స్వారీ క్రీడాకారిణి లిస్ హార్టెల్. 1944లో పోలియో వచ్చి మోకాళ్ల కింద పట్టు పోయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచింది.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, గుర్రానికి, మనుషులకి, ఫిజియోకి అందరికీ ఇవ్వాలి, నా ఇన్సూరెన్స్ రూపాయి కూడా ఇవ్వలేదు. మన ఎండలకి పొద్దున ఆరింటికే మొదలుపెట్టాలి, రోహిణి కార్తెలో అదీ కుదరదు, గుర్రానికీ మనకీ ఇద్దరికీ ప్రమాదమే. చెయ్యి వేళ్లకి దీనివల్ల పెద్దగా లాభం లేదు, వాటికి విడిగా వ్యాయామాలు చేస్తూనే ఉన్నాను. డిప్రెషన్ మందులు కూడా డాక్టర్ తగ్గించే దాకా మానలేదు, గుర్రం వాటికి బదులు కాదు.

నాకు కోపం తెప్పించింది వేరే ఊళ్లో చూసిన ఒక చోటు. ప్యాకేజీ డబ్బులు ముందే కట్టించుకుని, ఫిజియో ఎవరూ లేకుండా పిల్లల్ని పెళ్లి గుర్రాల మీద తిప్పి థెరపీ అంటున్నారు. ఆ తల్లిదండ్రుల ఆశని చూస్తే కడుపు తరుక్కుపోయింది. మైపాడు బీచ్‌లో గుర్రం ఎక్కించడం సరదా, చికిత్స కాదు.

అదుపులో లేని ఫిట్స్, బాగా పెళుసుబారిన ఎముకలు, తుంటి కీలు జారడం, కూర్చునే చోట పుండ్లు ఉంటే ఎక్కకూడదు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకి ముందు మెడ ఎముకలు పరీక్ష చేయించాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఎక్కొద్దు, నేను కార్డియాలజిస్ట్ దగ్గర రాయించుకుని మరీ పోయాను. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకోండి. ఎక్కడికన్నా పోయేముందు ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడగండి: సెషన్ అంతా ఫిజియో పక్కనే ఉంటారా, గుర్రానికి రోజుకి ఎంతమందిని ఎక్కిస్తారు. రెండోదానికి తడబడితే అక్కడికి పోవద్దు, అలసిన గుర్రం ఎవరికీ మంచిది కాదు.

ఇప్పుడు కర్ర బయటికి పోయేటప్పుడే వాడుతున్నాను, గుంటల గట్టు మీద మాత్రం ఇంకా మనిషి తోడు కావాలి. ఫోన్లు నేనే ఎత్తుతున్నాను. ఎండలు ముదిరాక ఆపేసి, వానలు పడ్డాక మళ్లీ మొదలుపెడదామని అనుకున్నాం. నెల్లూరు, కావలి పక్క ఎవరికన్నా అవసరముంటే ముందు మీ న్యూరాలజిస్ట్‌తో మాట్లాడి అడగండి, మా ఫిజియో ఏమేం పరీక్షలు చేయించాడో వివరంగా చెబుతాను.