సింగపూర్‌లో బర్గర్ కొట్టు ఐస్‌క్రీమ్: ఏళ్ల తరబడి తిన్నాక

నేను ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చింది 2017 జులైలో. ఆగస్టు 9 ఇక్కడి జాతీయ దినోత్సవం. ఆ సందడిలో మెక్‌డొనాల్డ్స్ వారు నాసి లెమాక్ (కొబ్బరిపాలలో వండే మలయ్ అన్నం) రుచి బర్గర్‌తో పాటు చెందోల్ మెక్‌ఫ్లర్రీ అనే ఐస్‌క్రీమ్ కప్పు కూడా పెట్టారు. బర్గర్‌లో ఉన్నది కోడి మాంసం, అది నాకు పనికిరాదు. అలా ఐస్‌క్రీమ్ వైపు నడిచాను. ఆ నడక ఇంకా ఆగలేదు.

చెందోల్ అంటే ఈ ప్రాంతంలో ఎండ వేళ తినే తీపి. బియ్యప్పిండిని పండన్ ఆకు రసంతో ఉడికించి, చిల్లుల పళ్లెం మీద రుద్ది చన్నీళ్లలోకి వదులుతారు. జంతికల గొట్టంలోంచి ఆకుపచ్చ పురుగులు జారినట్టు ఉంటుంది, చూపుకు మాత్రం అంత అందం లేదు. దాని మీద తురిమిన మంచు, కొబ్బరిపాలు, గుల మెలాకా పాకం పోస్తారు. గుల మెలాకా కొబ్బరి పూగుత్తి నుంచి తీసిన నీరాను కాచి, వెదురు బొంగుల్లో పోసి గట్టిపరిచిన బెల్లం. మరుసటి ఏడాది మా అమ్మ వచ్చినప్పుడు మలేసియాలోని మలక్కాలో ఒక బండి దగ్గర చెందోల్ తినిపించాను. రెండు చెంచాలు నోట్లో పెట్టుకుని, "ఇది మన తాటిబెల్లానికి చెల్లెలే కదరా" అంది. చెట్టు వేరు గానీ, ఆ పొగ వాసన, చివర తగిలే చిరుచేదు ఒకటే.

బర్గర్ కొట్టు ఐస్‌క్రీమ్‌లో ఆ పొగ వాసన వచ్చిందా అన్నదే నా కొలత. ఆ 2017 కప్పులో వచ్చింది. ఇన్నేళ్లు తిన్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, యంత్రంలోంచి దిగే తెల్లటి మెత్తని ఐస్‌క్రీమ్ ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే. పాలు, చక్కెర, వెనిలా వాసన, చాలా భాగం గాలి. ప్రాంతం తెలిసేది పైన పోసే పాకంలోనే. ఆ పాకం నిజమైన బెల్లంతో చేశారా, రంగూ వాసనా కలిపిన చక్కెర నీళ్లా అన్న దగ్గరే అసలు తేడా. ఒక కొట్టులో పండన్ కోన్ అని చెప్పి ఇచ్చింది ఆకుపచ్చగా ఉంది, అంతకు మించి ఏమీ లేదు. అసలు పండన్ మన మొగలి జాతి మొక్కే. బాస్మతి బియ్యానికి ఉండే కమ్మని వాసన దాని ఆకులోనూ ఉంటుంది. కోన్‌లో ఆ జాడ లేదంటే ఆకు అందులో పడలేదని అర్థం.

దురియన్ అనే ముళ్ల పండు సంగతి వేరు. 2018లో డీ24 రకం దురియన్‌తో మెక్‌ఫ్లర్రీ వచ్చింది. పై తొక్క చూసి అందరూ దాన్ని పనసకు అన్న అంటారు గానీ, వంశం చూస్తే అది బెండకాయకు, పత్తికి దూరపు చుట్టం. మగ్గిన పనస తొనలో ఉల్లిపాయ తరిగి వేసినట్టు ఉంటుంది వాసన. ఇక్కడి మెట్రో రైళ్లలో దురియన్ తీసుకురావద్దని బోర్డులే పెట్టారు. చల్లదనంలో ఆ వాసన సగం అణిగిపోతుంది కాబట్టి, దురియన్ అంటే భయపడే మనవాళ్లు మొదటి మెట్టుగా ఐస్‌క్రీమే తినడం మేలు. నాకు మూడో కప్పు దగ్గర రుచి తెలిసింది. పక్క సీటు తమిళ మిత్రుడు మొదటి చెంచాతోనే కప్పు నా ముందుకు తోశాడు. అది నా రెండో కప్పు.

బ్యాంకాక్ వెళ్లినప్పుడల్లా డెయిరీ క్వీన్ ఐస్‌క్రీమ్ కొట్టులో ఆగుతాను. బ్లిజర్డ్ అనే చిక్కటి ఐస్‌క్రీమ్ కప్పును తలకిందులు చేసి చూపించి మరీ చేతికిస్తారు. జారదు. పిల్లలకు ఆ విన్యాసమే సగం తీపి. కానీ ఆ ఊళ్లో నిజమైన ప్రాంతీయ రుచి కావాలంటే కాలిబాట మీది కొబ్బరి ఐస్‌క్రీమ్ బండి దగ్గరకే వెళ్లాలి. జిగురు అన్నం, వేరుశనగపప్పు వేసి ఇస్తారు. ఊరూరా శాఖలున్న గొలుసు కొట్లకు అది అందని ద్రాక్ష.

శాకాహారులకు ఒక మాట. మన దగ్గర ఉండే పచ్చ చుక్క ఇక్కడ వెతకకండి. హలాల్ ముద్ర ఉంటే పందికి సంబంధించినది లేదని అర్థం, శాకాహారం అని కాదు. జెల్లీ ముక్కలు, మార్ష్‌మాలో ఉన్న రకాల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉండవచ్చు. జెలటిన్ ఉందా అని ఆ పేరుతోనే అడగండి. "వెజిటేరియనా" అని అడిగితే మాంసం ముక్కలు లేవని చెప్పి నవ్వుతారు.

ఇక రెండు విసుగులు. ఒకటి యంత్రం. సరిహద్దుకు అవతల మలేసియాలోని జొహోర్ బారులో ఒక కొట్టుకు రాత్రి పదింటికి అరగంట నడిచి వెళితే, యంత్రం శుభ్రపడుతోంది అన్నారు. లోపలి పాల మిశ్రమాన్ని వేడి చేసి మళ్లీ చల్లార్చే ఆ పనికి గంటలు పడుతుంది. అప్పటి నుంచి రాత్రిపూట వెళ్లడం మానేశాను. రెండోది వాతావరణం. ఈ ఉక్కలో కోన్ నాలుగు నిమిషాలు నిలవదు. సింగపూర్ మెట్రో ఎక్కి తిందామా అంటే బోగీలో తిండి నిషేధం, జరిమానా 500 సింగపూర్ డాలర్ల వరకు ఉంటుంది. చల్లటి గదిలో కూర్చుని కప్పులో తినండి, కోన్ జోలికి పోకండి.

అన్నిటికంటే బాధ ఏమిటంటే, నచ్చిన రుచి నాలుగైదు వారాలకే మెనూ పలకలోంచి మాయమవుతుంది. చెందోల్ కప్పు కోసం ఎదురుచూసీ చూసీ నేనే ఒక దారి వెతుక్కున్నాను. కిరాణా కొట్టులో గుల మెలాకా బొంగు ఒకటి కొని, కాస్త నీళ్లు పోసి తీగపాకానికి ముందే దించి, చిటికెడు ఉప్పు వేసి చిన్న సీసాలో పోసి సంచిలో పెట్టుకుంటాను. సాదా వెనిలా కప్పు కొని రెండు చెంచాలు పోసుకుంటాను. మొన్న పక్క బల్ల దగ్గర కూర్చున్న మలయ్ పెద్దావిడ అటే చూస్తూ ఉండిపోయింది. సీసా అటు జరిపాను.