అంతరిక్షంలో ఆడపిల్లకి ఏ డ్రెస్ మేలు? ఒక టైలర్ లెక్క

పోయిన నెల మా అన్న కూతురు ముగ్గురు ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఉన్న మా కుట్టు షాపుకి వచ్చింది. కాలేజీ డేకి స్కిట్ వేస్తున్నారంట. రెండు వందల ఏళ్ల తర్వాత ఒక అంతరిక్ష నౌక, దాంట్లో అందరూ ఆడపిల్లలే, కెప్టెన్ మా పిల్ల. ఫోన్లో నాలుగు బొమ్మలు తీసి చూపించి "అత్తా, వీటిల్లో ఏది బాగుంటది, నువ్వే చెప్పు" అంది. నాలుగూ టీవీ సీరియళ్లవే: 1966 నాటి పొట్టి గౌను, 1997 నాటి ఒంటికి అతుక్కున్న వెండి రంగు సూటు, 2003 నాటి యూనిఫాం, ఇంకోటి చీర. ఈ సీరియళ్లు నాకు కొత్తేం కాదు, సెలవుల్లో ఈ పిల్లే రాత్రిపూట పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్తూ చూపించింది. అందుకే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆలోచించాను. ఆ ఆలోచనే ఇది.

ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాను. మా షాపులో ట్రయల్‌కి ఎవరొచ్చినా అద్దంలో చూసుకోనిచ్చే ముందు నేను అడిగేవి కొన్ని ఉన్నాయి. చేతులు రెండూ పైకెత్తమ్మా. ఇప్పుడు కింద కూర్చో. లే. ఊపిరి గట్టిగా పీల్చు. చంక దగ్గర పట్టేస్తే, నడుము దగ్గర లాగితే, బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఇంకో మనిషి సాయం కావాలంటే ఆ డ్రెస్ ఎంత అందంగా ఉన్నా మళ్లీ విప్పాల్సిందే. సీరియల్‌లో ఆడమనిషి నౌక నడుపుతుంది, ఇంజను బాగుచేస్తుంది, యుద్ధం చేస్తుంది. ఆమె బట్టలకీ అదే ట్రయల్ పెట్టాలి గదా.

ముందు పొట్టి గౌను సంగతి. స్టార్ ట్రెక్ అంటే అంతరిక్ష నౌక కథలతో వచ్చిన అమెరికా సీరియళ్ల వరస. దాంట్లో మొదటి సీరియల్ 1966లో వచ్చింది, బట్టలు డిజైన్ చేసింది విలియం వేర్ థైస్ అనే ఆయన. ఊహురా పాత్రలో నిషెల్ నికోల్స్ ఎర్ర గౌను, నల్ల బూట్లు వేసుకుని నౌకలో కమ్యూనికేషన్ సీట్లో కూర్చుంటుంది. చాలామందికి తెలియనిది ఏంటంటే, దానికి ముందు 1964లో నమూనాగా తీసిన మొదటి ఎపిసోడ్‌లో నౌకలో రెండో స్థానం ఒక ఆడ ఆఫీసర్‌ది, ఆమె మగవాళ్లలాగే ప్యాంటు వేసుకుంది. అంటే ప్యాంటు ముందే ఉంది, దాన్ని పక్కన పెట్టి గౌను తెచ్చారు. ఇది తెలిసినప్పుడు నాకు కోపం వచ్చింది. కానీ నికోల్స్ ఏమందంటే, ఆ గౌను తనకి అవమానంగా ఎప్పుడూ అనిపించలేదని, అది మినీ స్కర్టుల కాలమని, వేసుకోవడానికి సుఖంగానే ఉండేదని. ఆ మాట నేను తీసిపారెయ్యలేను. మా కాలంలో లంగా ఓణీ మానేసి పంజాబీ డ్రెస్ వేసుకుని కాలేజీకి వెళ్లిన మొదటి రోజు నాకు ఎంత స్వేచ్ఛగా అనిపించిందో నాకు తెలుసు, ఇప్పటి పిల్లలకి అదే పంజాబీ డ్రెస్ అమ్మమ్మల బట్టలాగా కనిపిస్తుంది. బట్టకి అర్థం దాని కాలం ఇస్తుంది. పైగా ఆ ఎర్ర గౌనులో ఉన్న ఊహురాని చిన్నప్పుడు టీవీలో చూసిన మే జెమిసన్ అనే పాప 1992లో నిజంగానే అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ అయింది, తర్వాతి ఏడాది స్టార్ ట్రెక్‌లోనే ఒక ఎపిసోడ్‌లో కనిపించింది కూడా. కాబట్టి ఆ గౌను తక్కువదని అనను. కానీ నా ట్రయల్‌లో మాత్రం నిలబడదు, ఎందుకంటే వంగి కింద పడిన వస్తువు తీయాలంటే ఒక చెయ్యి గౌను పట్టుకోవడానికే సరిపోతుంది, మిగిలిన ఒక్క చేత్తో ఏం పని చేస్తుంది?

వెండి సూటు దగ్గర ఎక్కువ సేపు ఆగాలి.

అది స్టార్ ట్రెక్ వాయేజర్‌లోది. సెవెన్ ఆఫ్ నైన్ అనే పాత్ర, 1997లో నాలుగో సీజన్ నుంచి జెరీ ర్యాన్ వేసింది. కథలో దీనికి ఒక కారణం చెప్పారు, మెషిన్లు అతికించిన ఆమె ఒంటి మీద చర్మం మానడానికి డాక్టర్ ఆ సూటు తయారుచేశాడని. సరే, కట్టుకట్టినట్టు అనుకుందాం. మరి కట్టుకి హీల్స్ ఎందుకు? లోపల నడుము బిగించే కార్సెట్ ఎందుకు? ఆ మొదటి సూటు కాలర్ ఎంత టైటుగా ఉండేదంటే మెడ రక్తనాళాన్ని నొక్కేసి తాను స్పృహ తప్పేంత పనైందని, సెట్‌లో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిందని ర్యాన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. బాత్రూమ్‌కి వెళ్లాలంటే సూటు విప్పి మళ్లీ తొడిగేదాకా షూటింగ్ మొత్తం ఆగిపోయేదట. ఇది విన్నప్పుడు నాకు మా వీధి పిల్లలు గుర్తొచ్చారు. స్కూల్లో బాత్రూమ్ బాగుండదని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా వచ్చే ఆడపిల్లలు. తన పని తాను చేసుకోవడానికి ఆడమనిషి దాహం ఆపుకోవాల్సి వస్తే ఆ డ్రెస్ కుట్టినవాళ్లది తప్పు, కుట్టించినవాళ్లది ఇంకా పెద్ద తప్పు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, నాకు అన్నిటికంటే మింగుడు పడనిది ఇదే. అదే స్టార్ ట్రెక్‌లో 1987లో మొదలైన నెక్స్ట్ జనరేషన్ సీరియల్‌లో మొదటి రెండు సీజన్లూ మగవాళ్లకి కూడా ఒంటికి అతుక్కునే స్పాండెక్స్ అనే సాగే గుడ్డ యూనిఫాంలే, అది కూడా కావాలని కాస్త చిన్న సైజులో కుట్టినవి, ముడత పడకూడదని. కెప్టెన్ వేషం వేసిన పాట్రిక్ స్టీవర్ట్‌కి వెన్ను నొప్పి పట్టుకుంది. 1989లో మూడో సీజన్ వచ్చేసరికి ఉన్ని గుడ్డతో పై చొక్కా, కింద ప్యాంటు వేరువేరుగా కుట్టి ఇచ్చారు. (ఆ చొక్కా కూర్చుని లేచినప్పుడల్లా పైకి ఎగబాకేది, ఆయన రెండు చేతులా కిందికి లాక్కునేవాడు, చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పొడవు ఒక అంగుళం పెంచి ఉండాల్సింది.) అంటే టైటు గుడ్డ మనిషి ఒంటిని ఏం చేస్తుందో ఆ కంపెనీకి 1989 కల్లా తెలుసు. మగవాడి వెన్ను నొప్పికి గుడ్డ మారింది, ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన అమ్మాయికి మాత్రం అంతకంటే టైటుది కుట్టారు. తెలియక చేసిన తప్పుకి టైలర్ క్షమాపణ అడగొచ్చు, ఆల్టరేషన్ చేసి ఇవ్వొచ్చు. ఇది తెలిసి చేసింది.

అదే నెక్స్ట్ జనరేషన్‌లో డియానా ట్రోయ్ అనే ఆడ ఆఫీసర్ కూడా ఉంది. అందరికీ యూనిఫాం, ఈమెకి మాత్రం ఏళ్ల తరబడి లోతు మెడ డ్రెస్సులు. 1992లో ఒక ఎపిసోడ్‌లో కొత్తగా వచ్చిన కెప్టెన్ "నువ్వు కూడా యూనిఫాం వేసుకో" అని ఆర్డర్ వేస్తాడు, అక్కడి నుంచి ఆమె యూనిఫాంలోనే కనిపిస్తుంది. అది వేసుకున్నాకే తన పాత్రకి తెలివి తిరిగొచ్చిందని ఆ నటి మెరీనా సర్టిస్ చెప్పింది. మెడ నాలుగు అంగుళాలు పైకి జరిగితే రచయితలు ఆమెకి మంచి డైలాగులు రాయడం మొదలుపెట్టారు. ఆ తెలివి ఆమెకి మొదట్నుంచీ ఉన్నదే గదా.

2003లో వచ్చిన బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అనే ఇంకో అంతరిక్ష సీరియల్‌ది నాకు నచ్చిన లెక్క. పాత 1978 సీరియల్‌లో స్టార్‌బక్ అనే పైలట్ మగవాడు, కొత్తదాంట్లో ఆ పాత్ర కేటీ సాక్‌హాఫ్‌ది. మగ పైలట్లూ ఆడ పైలట్లూ అందరికీ అవే బనియన్లు, అవే యూనిఫాంలు, అదే ఫ్లైట్ సూట్. చెమట పట్టిన బనియన్‌తో స్టార్‌బక్ చుట్ట కాలుస్తూ పేకాడుతుంటే ఆమె ఏం వేసుకుందో మనకి గుర్తుకే రాదు, ఏం ఆలోచిస్తుందో చూస్తాం. ఆ సీరియల్‌లోనే ఎర్ర గౌనులో నంబర్ సిక్స్ అనే ఆడ పాత్ర కూడా ఉందని కొందరు అంటారు, ఉంది, కానీ అక్కడ ఆ గౌను ఆ పాత్ర వాడే ఆయుధం, మనిషిని వలలో వేసుకోవడానికి వేసుకున్నది. కథకి అవసరమైన డ్రెస్ వేరు, చూసేవాళ్ల కోసం తగిలించిన డ్రెస్ వేరు.

అయితే "అందరికీ ఒకటే యూనిఫాం" అంటే అంతటితో అయిపోయిందని నేను అనుకోను. మా దగ్గరికి సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు యూనిఫాంలు ఆల్టరేషన్‌కి తెస్తుంటారు. ఇచ్చినవాళ్లు మగ కొలతలతో కుట్టించి స్మాల్ సైజు అని చేతిలో పెడతారు. భుజం జారిపోతుంది, ఛాతీ దగ్గర గుండీలు విచ్చుకుంటాయి, తొడల దగ్గర పట్టేస్తుంది, నడుము దగ్గర పిడికెడు గుడ్డ మిగిలిపోతుంది. పాపం వాళ్ల జీతంలోంచి నాకు డబ్బులిచ్చి సరిచేయించుకుంటారు. అంతరిక్షంలో కూడా అచ్చం ఇదే జరిగింది. 2019 మార్చిలో నాసా ఇద్దరు ఆడవాళ్లని ఒకేసారి అంతరిక్ష నడకకి పంపాలనుకుంది, తీరా చూస్తే పైన స్టేషన్‌లో మీడియం సైజు పై భాగం ఒక్కటే సిద్ధంగా ఉంది, ఇద్దరికీ అదే సైజు కావాలి. దాంతో ఒకరి బదులు మగ వ్యోమగామి వెళ్లాడు. ఆ ఏడాది అక్టోబరు 18న గానీ క్రిస్టినా కోచ్, జెస్సికా మీర్ ఇద్దరూ కలిసి బయటికి అడుగు పెట్టలేదు. కొన్ని నెలలు ఆగింది ధైర్యం లేక కాదు, చదువు లేక కాదు, సైజు లేక.

కాబట్టి డిజైన్ ఒకటే ఉండాలి, కొలత మాత్రం ఎవరిది వాళ్లదే. మన చీరాలలో పుట్టిన శిరీష బండ్ల 2021 జూలై 11న నీలం సూట్‌లో పైకి వెళ్లినప్పుడు అందరూ ఆమె నవ్వు చూశారు, నేను భుజం కుట్టు చూశాను. ఎక్కడా జారలేదు, ఎక్కడా లాగలేదు.

ఇక చీర. ద ఎక్స్‌పాన్స్ అనే సీరియల్ 2015లో మొదలైంది, దాంట్లో క్రిస్జెన్ అవసరాల అనే పెద్దావిడ ఐక్యరాజ్య సమితిలో పెద్ద పదవిలో ఉండి భూమి మొత్తాన్ని నడుపుతుంది. పేరు చూసి మన తెలుగావిడేనేమో అనుకున్నాను. షోరే అఘ్‌దష్లూ వేసింది, ఆమె ఇరాన్‌లో పుట్టిన నటి. చీరలు, చీరలాగా కుట్టిన గౌన్లు, పెద్ద పెద్ద నగలు, గంభీరమైన గొంతు. ఆమె గదిలోకి వస్తే మగవాళ్లు లేచి నిలబడతారు. భవిష్యత్తు అనగానే అందరికీ బూడిద రంగు ప్యాంటూ చొక్కా తొడిగేసే సీరియళ్ల మధ్య, మూడొందల ఏళ్ల తర్వాత కూడా చీర ఉంటుందని చూపించినందుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చీరతో పని జరగదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా జిల్లాలో నాట్లు వేసే ఆడవాళ్లు చీర ఎగ్గట్టి మోకాలి లోతు బురదలో రోజంతా పని చేస్తారు. 2013 నవంబరు 5న మంగళయాన్ ఎగిరింది శ్రీహరికోట నుంచే, అప్పటికది మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. తర్వాతి ఏడాది అది అంగారకుడిని చేరిన రోజున బెంగళూరు కేంద్రంలో పట్టుచీరలు, తల్లో పూలు పెట్టుకున్న ఇస్రో ఆడవాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుని నవ్వుతున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ ఫొటో ప్రింటు మా షాపు గోడ మీద ఇప్పటికీ ఉంది. కానీ ఇస్రోలో ఎవరైనా ఉపగ్రహాన్ని బిగించే, దుమ్ము చొరబడని క్లీన్ రూమ్‌లోకి వెళ్లాలంటే తల నుంచి కాళ్ల దాకా తెల్లటి ఓవరాల్ వేసుకోవాల్సిందే. చీర కుచ్చిళ్లు కిందికి నిలబడేది భూమి లాగడం వల్ల, బరువు లేని చోట కుచ్చిళ్లు గాల్లోకి లేస్తాయి, పైట తేలి ముఖం మీదికి వస్తుంది, ఏ మీటకో తగులుకుంటుంది. కుర్చీలో కూర్చుని ఆజ్ఞలిచ్చే మనిషికి చీర రాజసం. నౌక బయట తాడు పట్టుకుని వేలాడే మనిషికి ప్రమాదం.

ఈ లెక్కన నా వరస చెప్తాను. పని చేసే మనిషికి బ్యాటిల్‌స్టార్ లాంటి యూనిఫాం మొదటిది, ఆమె కొలతలతో కుడితేనే. పరిపాలించే మనిషికి అవసరాల చీర, దానికి సాటి లేదు. మూడోది ఆ పాత గౌను, దాని కాలాన్ని గౌరవిస్తాను కానీ ఈ రోజు కుట్టను. వెండి సూటు ఆఖరిది. అదే జెరీ ర్యాన్ 2020లో స్టార్ ట్రెక్ వాళ్లదే పికార్డ్ అనే సీరియల్‌లో ప్యాంటూ జాకెట్టుతో తిరిగొచ్చింది, 2023 నాటి చివరి సీజన్‌లో యూనిఫాం వేసుకుని, ఆఖరికి కెప్టెన్ కుర్చీలో కూర్చుంది. ఆ ఎపిసోడ్ చూస్తున్నంతసేపూ నేను గమనించింది ఒకటే, ఆమె ఊపిరి ఎంత హాయిగా పీలుస్తుందో.

ఇదంతా పిల్లలకి చెప్పాను. ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగో అమ్మాయి మాత్రం "ఆంటీ, నాకు ఆ వెండి రంగే కావాలి, మెరిసిపోవాలి" అంది. కావాలని అడిగింది తనే, బలవంతం ఎవరిదీ కాదు, కాదనడానికి నేనెవర్ని? చిన్నబజారులో తిరిగి సాగే వెండి గుడ్డ తెచ్చాను. పైది వేరు, కిందిది వేరు కత్తిరించాను, జిప్పు వీపు మీద కాకుండా ముందు పెట్టాను, కాలర్ లోపల రెండు వేళ్లు పట్టేంత ఖాళీ వదిలాను, చంక కింద ఒక అరచెయ్యంత గుడ్డ ముక్క అతికాను. మిగతా ముగ్గురికీ నేవీ బ్లూ డ్రిల్లు గుడ్డతో యూనిఫాంలు, మా పిల్ల కెప్టెన్ కాబట్టి తనకి నాలుగు జేబులు. భూమి మీద నుంచి ఆజ్ఞలిచ్చే అధ్యక్షురాలి వేషం కూడా కథలో ఉందంట, దానికి మా అమ్మ వెంకటగిరి చీర పెట్టెలోంచి తీసి ఇచ్చింది.

శనివారం ట్రయల్. వెండి డ్రెస్ అమ్మాయి చేతులు రెండూ పైకెత్తి, కింద కూర్చుని లేచి, నేను అడగకుండానే గట్టిగా ఊపిరి పీల్చి చూపించింది. "ఆంటీ, దీనికి కూడా జేబు పెట్టండి" అంది. మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాను.