నీళ్లు తగ్గిన కృష్ణ ఒడ్డున రెండు రోజులు

మాకు ఊరు దాటే వీలు ఏడాదికి ఒక్కసారే చిక్కుతుంది, అది కూడా ఎండలు మండేటప్పుడే. నేను టీచర్‌ని, ఏప్రిల్ ఆఖరుదాకా సెలవులు రావు. మా ఆయనకు నల్లగొండలో మందుల షాపు. రెండు రోజులకు మించి షట్టర్ దించితే రోజూ బీపీ గోలీలకు వచ్చే ముసలివాళ్లు ఇబ్బంది పడతారని ఆయన బాధ. అందుకని మా ప్రయాణాలన్నీ రెండు పగళ్లవే. ఈసారి కొల్లాపూర్, సోమశిల వైపు పోయి వచ్చాం. మాలాంటి నడివయసు జంటలకు పనికొస్తుందని ఇదివరకు చూసిన చోట్లతో కలిపి రాస్తున్నాను.

పోయినేడాది నాగార్జునసాగర్ పోయాం. టూరిజం వాళ్ల విజయవిహార్‌లో గది దొరికింది. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఎదురుగా జలాశయం, అంతకంటే ఏం కావాలి అనిపించింది. కాకపోతే నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవని తెలియక శుక్రవారమే దిగాం. లాంచీ కోసం మర్నాటిదాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఖాళీలో బుద్ధవనం చూశాం. 274 ఎకరాల్లో కట్టి 2022 మే నెలలో తెరిచారు. మహాస్తూపం లోపల ఎంత చల్లగా, ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. బయట చెప్పులు విడిచి రాళ్ల మీద అడుగు పెడితే మాత్రం పదింటికే అరికాళ్లు చుర్రుమన్నాయి. ఎండాకాలంలో పోయేవాళ్లు తెరిచీ తెరవంగానే లోపలికి పోవాలి, లేదా సాయంత్రం దాకా ఆగాలి.

అంతకుముందు ఏడాది మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్తారు, మూడెకరాల దాకా పరుచుకుని ఉంటుంది. 2018లో చెదలు పట్టి ఎండిపోతుంటే మనిషికి సెలైన్ ఎక్కించినట్టు కొమ్మలకు సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఆ ఫొటోలు చూసి అప్పట్లో నేను కన్నీళ్లు పెట్టుకున్నాను. ఎందుకంటే అది నా చదువుకున్న రోజుల చెట్టు. మహబూబ్‌నగర్‌లో టీచర్ ట్రైనింగ్ చేసేటప్పుడు ఆదివారం వస్తే నేనూ నా స్నేహితురాలూ రూపాయి పల్లీలు కొనుక్కుని ఆ ఊడల మధ్యే కూర్చునేవాళ్లం. చూడటానికి రెండు గంటలు చాలు, దానికోసం రాత్రి ఉండాల్సిన పనిలేదు. కానీ ఆ రోజు ఇంటికొచ్చాక కూడా ఆమే మనసులో మెదిలింది. ముప్పై ఏళ్లు దాటిన స్నేహం, ఫోన్లోనే నడుస్తోంది. వాళ్ల అమ్మాయి పెళ్లిలో కలిసి పన్నెండేళ్లు అయింది. ఆమె ఉండేది కొల్లాపూర్‌లోనే. ఎప్పుడో ఒక ఎండాకాలం అటే పోదాం అని అప్పుడే అనుకున్నాం.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు కారు తీశాం. కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట. తొమ్మిదింటికల్లా ఎండ ముదురుతుంది కాబట్టి ఆలోపే ఉమామహేశ్వరం చేరాలని ప్లాన్. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దీన్ని. కింద భోగమహేశ్వరం, కొండమీద ఉమామహేశ్వరం. పైదాకా కారు పోతుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా భయపడక్కర్లేదు. గుడి నిలువెత్తు కొండచరియ కింద ఒదిగి ఉంటుంది. బయట లోకమంతా పెనంలా కాలుతుంటే ఇక్కడ గచ్చు చల్లగా తగిలింది. చరియ సందుల్లోంచి నీళ్లు బొట్టుబొట్టుగా రాలుతుంటాయి, పాపనాశనం అంటారు. మే నెలలో కూడా ఆగలేదు. మా ఆయన దోసిలి పట్టి నిలబడ్డారు, నిండటానికి చాలాసేపు పట్టింది. షాపులో క్షణం తీరిక లేని మనిషి, అన్ని నిమిషాలు కదలకుండా నిలబడి ఆ చుక్కల్నే చూస్తుండిపోయారు. నాకు ఆ రోజంతటిలో బాగా నచ్చిన దృశ్యం అదే. కోతులున్నాయి, చేతిలో సంచి కనిపించకుండా చూసుకోవాలి. తినడానికి ఏదైనా ఇంటి నుంచి తెచ్చుకుని కారులోనే తినేయడం మేలు.

మల్లెలతీర్థం జలపాతం పక్కనే కదా అని మా ఆయన అన్నారు. పక్కనేం కాదు, నల్లమల లోపలికి పోవాలి. పైగా మూడు వందలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మే నెలలో ధార సన్నబడి ఉంటుంది. వానలు పడ్డాక పోతేనే దానికి అందం అని వదిలేశాం.

మధ్యాహ్నానికి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ వైపు దిగాం. ఇక్కడ బస గురించి చెప్పాలి. సోమశిలలో టూరిజం వాళ్ల హరిత కాటేజీలు నదికి ఎదురుగా ఉన్నాయి. ఆలస్యంగా అడిగాం, శనివారం కావడంతో నిండిపోయాయి. నెల ముందే చేసుకోవాల్సింది. వేరే ఒక ప్రైవేటు బసలో ఫోన్ మీద గది తీసుకుని సగం డబ్బులు ముందే పంపాం. పోయి చూస్తే ఫొటోలో చూపించిన గది ఒకటి, మాకిచ్చింది ఇంకొకటి. ఏసీ గాలి వస్తుంది గానీ చల్లదనం లేదు. ఐదింటికి కరెంటు పోయింది. జనరేటర్ ఆఫీసు గదికే అన్నారు. పైన నల్ల ట్యాంకు ఎండకు కాగి కొళాయి తిప్పితే వేడినీళ్లు. మా ఆయన షుగర్ మనిషి, చెమటలు పట్టి నీరసపడుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. గది మార్చమంటే అన్నీ ఇంతే అన్నారు. డబ్బులు తిరిగివ్వమంటే ఓనరు ఊళ్లో లేడన్నారు. పల్లెల్లో కొత్తగా తెరుస్తున్న బసలు బాగుపడాలని నిజంగా కోరుకుంటాను. కానీ ఎండాకాలంలో గది తీసుకునేముందు రెండు మాటలు అడిగి తీరాలి. కరెంటు పోతే గదికి ఇన్వర్టర్ ఉందా, బాత్రూం నీళ్లు ఎక్కడి ట్యాంకువి? ఈ రెండూ అడగక మేం ఇబ్బంది పడ్డాం.

అంతలో స్నేహితురాలు ఫోన్ చేసింది. సాయంత్రం వచ్చి కలుస్తానని చెప్పి ఉన్నాను, వేరేచోట దిగామని మాత్రం చెప్పలేదు. ఇంటికి చుట్టాలు వస్తే ఎంత పనో నాకు తెలుసు కనుక ఇబ్బంది పెట్టొద్దనుకున్నాను. గొంతు విని కనిపెట్టేసింది. అరగంటలో కొడుకు బండి మీద వచ్చి గుమ్మంలో నిలబడింది. జుట్టు సగం తెల్లబడింది, నడక మాత్రం అదే నడక.

"ఏందే, నా ఇల్లుండంగ లాడ్జిల దిగుతవా? గింత దూరమైనమా మనం?" అంది. ఆ తర్వాత మా ఆయన వైపు తిరిగి, "అన్నా, సామాన్లు సర్దుండ్రి" అని మాత్రం అంది. గొంతు వణికింది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి కొల్లాపూర్‌లో వాళ్ల డాబా మీద పడుకున్నాం. సాయంత్రమే నీళ్లు చల్లి ఉంచిన గచ్చు, నవారు మంచాలు, నిండు కుండలో నీళ్లు. రాత్రి భోజనంలోకి జొన్నరొట్టెలు, కృష్ణలో పట్టిన బొచ్చె చేపల పులుసు, పచ్చిపులుసు. చివర్లో కొల్లాపూర్ మామిడి. ఈ ఊరి మామిడికి పేరెందుకొచ్చిందో తిన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. గంపలో గడ్డి పరిచి మగ్గబెట్టిన పండు, తొడిమ దగ్గర నొక్కితే వేలికి జిగురు అంటింది. "చెల్లె, ఇంకొకటి" అని మా ఆయన షుగర్ మాట మరిచి అడిగితే, "సగమే" అని కోసి ఇచ్చింది. ఒంటిగంటదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. హాస్టల్ మాటలు అయిపోయాక తను మెల్లగా అంది, "పొద్దుగాల మా ఊరు చూపిస్త. ఇప్పుడు పైకి తేలింది."

తన పుట్టిల్లు కృష్ణ ఒడ్డున చిన్న ఊరు. శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి తన్ని 1981లో మునిగింది. అప్పుడు తనకు పదేళ్లు. హాస్టల్లో ఉండగా ఒక్కసారి చెప్పింది, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. ముంపులో భూములు పోయినవాళ్ల ఇంటికొక ఉద్యోగం అని 1986లో 98 జీవో వచ్చింది. వాళ్ల అన్న ఆ కాయితాలు పట్టుకుని తిరిగీ తిరిగీ అరవై దాటాడు. ఆ జీవో నంబరు ఈ వైపు చిన్న పిల్లాడిని అడిగినా చెప్తాడు.

ఆదివారం ఐదున్నరకే సోమశిల రేవుకు చేరాం. ముందు గుళ్లు చూశాం. లలితాంబికా సోమేశ్వరాలయం కూడా అసలు చోటు నుంచి తెచ్చిందే. నీళ్లు రాకముందే రాయి రాయి విప్పి పైన మళ్లీ నిలబెట్టారు. పన్నెండు జ్యోతిర్లింగాల పేర్లతో చిన్నచిన్న గుళ్లు ఒకే ఆవరణలో ఉంటాయి. తీరుబడిగా తిరిగితే గంట పడుతుంది. నదికి అవతల ఒడ్డు ఆంధ్ర. ఇక్కడే తీగల వంతెనకు 2022లో కేంద్రం మంజూరు ఇచ్చింది. అది పూర్తయ్యేదాకా దాటాలంటే పడవే దిక్కు. నీళ్లు నిండుగా ఉన్న నెలల్లో శ్రీశైలందాకా నడిపే లాంచీ ఎండాకాలంలో ఉండదు.

పడవ దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. మొదట మాట్లాడుకున్నాయన దగ్గర లైఫ్ జాకెట్లు లేవు. "నీళ్లు తక్కువే కదమ్మా, ఏం కాదు" అన్నాడు. మేం ఎక్కలేదు. 2007 జనవరిలో ఇక్కడికి దగ్గర్లోనే మంచాలకట్ట రేవులో పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. నా స్నేహితురాలి బడి పిల్లల ఇళ్లల్లో కూడా పోయినవాళ్లున్నారు. అరగంట ఆగితే జాకెట్లున్న పడవ వచ్చింది. కిరాయి కొంచెం ఎక్కువే అయినా సంతోషంగా ఇచ్చాం.

నది మధ్యకు పోయాక నా స్నేహితురాలు ఇంజన్ ఆపమంది. శ్రీశైలం డ్యాం నీటిమట్టం 885 అడుగులకు నిండినప్పుడు ఈ గుట్టలన్నీ దీవులైపోతాయట. ఇప్పుడు వాటి అంచుల మీద, స్నానాల తొట్టికి పట్టే చారల్లాగా, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి దిగాయో గీతలు వరసగా కనిపిస్తున్నాయి. మొదట సంగమేశ్వరం పోయాం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండి ఎండాకాలంలో బయటపడే గుడి ఇది. లోపల శివలింగం వేపచెక్కది. ఇన్నేళ్లు నానినా చెక్కుచెదరలేదు. గోడలకు ఇంకా పచ్చి వాసన, రాళ్ల సందుల్లో ఆల్చిప్పలు. అలంపూర్‌లో ఎత్తు అరుగు మీద ఉన్న సంగమేశ్వరాలయం వేరు. అది కూడవెల్లి నుంచి తరలించి తెచ్చింది. రెండింటినీ ఒకటే అనుకుని చాలామంది పొరబడతారు, బయల్దేరేముందు చూసుకోవాలి. ఇక్కడ నీడ లేదు, మంచినీళ్లు లేవు, ఆడవాళ్లకు మరుగు లేదు. ఎనిమిదింటికల్లా తిరుగు ముఖం పట్టాలి.

తిరిగొచ్చేటప్పుడు మన ఒడ్డునే ఒక మెరక దగ్గర పడవ ఆపించింది. బీటలు వారిన ఒండ్రు మట్టి, మధ్యలో మోకాలెత్తు మొండి గోడలు. దారి తెలిసినట్టు ముందు నడిచింది. "ఇది కోమటోళ్ల ఇల్లు. ఇది ఊరి బొడ్రాయి ఉన్న జాగ." ఒకచోట ఆగింది. నేలలో సగం దిగబడిన రోలు. వంగి, దాని గుంటలో గడ్డకట్టిన మట్టిని గోళ్లతో గీకి తీయడం మొదలుపెట్టింది. మా ఆయన జేబులోంచి కారు తాళంచెవి తీసి ఇచ్చారు, దాంతో గీకింది. పడవలోంచి సీసా నీళ్లు తెచ్చి నేను పోశాను. నల్లరాయి మెల్లగా బయటపడింది. గుంట అంచు ఒకవైపు నున్నగా అరిగి ఉంది. "మా అవ్వ ఎడమచేతి వాటం. అందుకే ఈ పక్క అరిగింది" అని ఆ అరిగిన చోట అరచేయి పెట్టుకుని కూర్చుంది. మేం ముగ్గురం అక్కడ ఎంతసేపున్నామో తెలీదు. మెడ మీద ఎండ చురుక్కుమంటేనే లేచాం.

మధ్యాహ్నం సోమశిలలో వేయించిన చేపలు తిన్నాం, బాగున్నాయి, అప్పటికప్పుడు పట్టినవి. నాలుగింటికి బయల్దేరితే రాత్రి తొమ్మిదికి నల్లగొండ. డిక్కీలో మామిడిపళ్ల గంప, జొన్నపిండి మూట. ఆ బసవాళ్లకు పోయిన సగం డబ్బులు తీసేస్తే మాకు డీజిల్, పడవ, తిండి కలిపి ఐదువేలు దాటలేదు.

వానలు మొదలయ్యాక జూలై ఆఖరున బడి ఇంటర్వెల్‌లో తన ఫోన్ వచ్చింది. ఎగువ నుంచి వరద దిగుతోందట, పూజారి పడవ మీదికి మారి సంగమేశ్వరం శిఖరానికి పూజ చేశాడట.

"రోలు మునిగిందానే?" అని అడిగాను.

"నిన్న పొద్దున్నే పోయి చూసొచ్చిన. అంచుదాకా వచ్చినయ్" అంది. "వచ్చే ఏడు చీపురు కూడ తీస్కపోదం."