రీసైకిల్డ్ కార్బన్ ఫైబర్ మూతల మీద జింక్ పూత: రెండు వానాకాలాలు వాడాక

చెన్నై అంబత్తూరులో మేం చేసే మోటార్ డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) బాక్సులకు ఉక్కు మూతలు మానేసి, రీసైకిల్డ్ కార్బన్ ఫైబర్, ఎపాక్సీ అనే రెసిన్ కలిపిన షీట్లు వాడుతున్నాం. పైన జింక్ స్ప్రే. కార్బన్ ఎలాగూ కరెంటును పోనిస్తుంది కదా, మళ్లీ లోహం ఎందుకని చాలామంది అడుగుతారు. షీటు పైపొర దాదాపు అంతా ఎపాక్సీయే, అది ఇన్సులేటర్. ఎర్తింగ్ అందాలన్నా, డ్రైవ్ పుట్టించే ఎలక్ట్రికల్ నాయిస్ బయటికి పోకుండా ఆగాలన్నా లోహపు పొర ఉండాల్సిందే.

బరువు బాగా తగ్గింది. ఆ విషయంలో వంక పెట్టడానికేమీ లేదు.

పూత వేయడంలో అంతా చేతి పనితనమే. రెండు జింక్ తీగల మధ్య ఆర్క్ పుట్టించి, కరిగిన లోహాన్ని గాలితో చిమ్ముతారు. జింక్ కరిగేది 419 డిగ్రీల దగ్గర. అంత వేడి ఎపాక్సీకి పనికిరాదు. కానీ సన్నటి తుంపరలు తాకగానే చల్లారిపోతాయి కాబట్టి షీటు తట్టుకుంటుంది. మా దగ్గర గన్ పట్టే నెల్లూరు అన్న కొత్త కుర్రాళ్లకు రోజూ చెప్పే మాట: "ఒక్కచోట నిలిపితే బుడగ లేస్తాదిరా, చెయ్యి ఆపొద్దు."

అసలు టెన్షన్ ఉప్పుగాలితోనే. సముద్రం పక్కనున్న ఎన్నూరు వైపు పెట్టిన బాక్సుల్లో మొదటి వానాకాలం పోయేసరికి స్క్రూ రంధ్రాల చుట్టూ తెల్లటి పొడి కనిపించింది. గోటితో గీస్తే రాలిపోయింది, కింద నల్లటి ఫైబర్ కొసలు బయటపడ్డాయి. తడిలో కార్బన్, జింక్ ఒకదానికొకటి తగిలితే బ్యాటరీ తయారైనట్టే, తుప్పు పట్టి తరిగిపోయేది జింకే. రీసైకిల్డ్ ఫైబర్‌లో ఈ బెడద ఇంకా ఎక్కువనిపించింది. పాత రెసిన్‌ను కాల్చి తీసిన పొట్టి ఫైబర్లు అన్ని దిక్కులకూ పరుచుకుని ఉంటాయి. ఎటు కోసినా, ఎక్కడ రంధ్రం వేసినా కొసలు తేలతాయి. పూత పట్టేందుకు షీటును గరుకు చేసే గ్రిట్ బ్లాస్టింగ్ గట్టిగా కొట్టినా అంతే.

తర్వాతి బ్యాచ్‌లో ఫైబర్ కొసలు జింక్‌కు తగలకుండా సప్లయర్ చేత పైన పలచటి గ్లాస్ టిష్యూ (గాజు పోగుల పల్చటి షీటు) పొర వేయించాం. రంధ్రాలు ముందే వేసి, అంచులకు ఎపాక్సీ పట్టించి, ఆ తర్వాతే స్ప్రే. అవే సైట్లలో రెండో వానాకాలం దాటినా రంధ్రాల దగ్గర పూత గట్టిగానే ఉంది. మూత అంచున సీలుగా ఉండే గాస్కెట్ కింద మాత్రం మల్టీమీటర్ పెట్టి చూస్తూ ఉండాలి. అక్కడ తెల్ల తుప్పు పడితే మూత చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎర్తింగ్ పోతుంది.

చిన్న మూతలకైతే ఎలక్ట్రోలెస్ నికెల్ (కరెంటు లేకుండా రసాయన ద్రావణంలో వేసే నికెల్ పూత) అడగండి. ఖర్చెక్కువైనా మూలల్లోకి కూడా సమంగా పడుతుంది. పెద్ద షీట్లకు నేను జింకే తీసుకుంటాను, గ్లాస్ టిష్యూ ఉంటేనే.