గొర్రెల వేలం యార్డు: పిల్లలు బాగా పోయాయి, తల్లుల దగ్గరే ఇబ్బంది

ఇరవై రెండేళ్లుగా గొర్రెలు పెంచుతున్నాను. ఇన్నాళ్లూ దొడ్డి దగ్గరికి వచ్చిన బేరగాళ్లకే అమ్మేదాన్ని. వాళ్లు పిల్లని నడుం దగ్గర పట్టి ఎత్తి చూసి ఇంత ఉంటుందని ఒక బరువు చెప్పేవాళ్లు. అది ఎప్పుడూ నా అంచనా కంటే రెండు కిలోలు తక్కువే ఉండేది. ఈసారి మేత చాలదని ముందే తేలిపోయింది. మందని మూడో వంతు తగ్గించుకోక తప్పలేదు. అందుకని మొదటిసారి జీవాల వేలం యార్డుకి వెళ్లాను. ముప్పై ఒక్క పిల్లలు, పద్నాలుగు తల్లి గొర్రెలు. యార్డు ఎక్కడుందో, ఎవరు నడుపుతున్నారో రాయను. నేను చూసిన లోపాలు ఆ ఒక్క చోటే ఉంటాయని అనిపించడం లేదు. వేలానికి జీవాల్ని తోలాలని అనుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఐదుకి మూడు మార్కులు ఇస్తాను. పిల్లల అమ్మకం వరకే అయితే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

గేటు దగ్గర నుంచి మొదలుపెడతాను. లోపలికి వెళ్లే ముందు ఒక టేబుల్ దగ్గర ఆపి వరసగా అడిగారు. నట్టల మందు చివరిసారి ఎప్పుడు తాగించారు, ఇంజక్షన్లు ఏమైనా చేయించారా, పీపీఆర్ (గొర్రెలకి, మేకలకి వచ్చే ప్రమాదకరమైన అంటురోగం) టీకా పడిందా, పిల్లలు పాలు మానాయా. మందు వాడాక ఎన్ని రోజుల వరకు మాంసానికి పంపకూడదో సీసా మీద రాసి ఉంటుంది కదా, ఆ గడువు దాటిందా అని కూడా అడిగారు. బేరగాళ్లు నన్ను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. తేదీలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి కాబట్టి రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

పక్కనే పశువుల డాక్టరు దిగే ప్రతి జీవానికీ ముక్కు, కళ్లు, నోరు, గిట్టల సందులు చూస్తున్నారు. మా ముందు బండిలో మూడు పిల్లలకి ముక్కు కారుతోంది, కళ్ల నిండా పుసి. ఆ బండి మొత్తాన్నీ దించనివ్వలేదు. తెచ్చినాయన చాలాసేపు గొడవపడ్డాడు. చాలా దూరం నుంచి వచ్చాడట, చూస్తే బాధేసింది. అయినా డాక్టరుదే సరైన పని. పీపీఆర్ సోకిన జీవం పైకి జబ్బుగా కనిపించడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. యార్డులో పది మందల జీవాలు ఒకే కంచెకి ముక్కులు ఆనించి నిలబడతాయి. అక్కడ అంటుకున్నది ఏ పది ఊళ్లకి వెళ్తుందో ఎవరికీ తెలియదు. ఈ రోగాన్ని 2030 కల్లా ప్రపంచంలోనే లేకుండా చేయాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కలిసి 2015లో నిర్ణయించుకున్నాయి. ఒక్కసారి వేస్తే కనీసం మూడేళ్లు కాపాడే టీకా మన చేతిలో ఉంది. టీకా వేయించుకుని వచ్చిన నాలాంటివాళ్లకి, ఆ గేటు దగ్గర గట్టిగా నిలబడే డాక్టరు ఉండటం పెద్ద ధైర్యం.

ఇక పిల్లల సంగతి. జీవాల్ని వేరుచేసే దొడ్డిలో అరవై దాటిన పెద్దాయన ఉన్నాడు. నా ముప్పై ఒక్క పిల్లల్నీ తన ముందు నుంచి ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిపించాడు. తర్వాత నాలుగింటిని పట్టి పక్క దొడ్డిలోకి తోశాడు. నాకు కోపం వచ్చింది.

"ఎందుకు తీసేస్తున్నారు బాబాయ్, అన్నీ ఒకే ఈతవి కదా" అన్నాను.

"ఒకే ఈతవేనమ్మా, ఒకే ఎత్తువి కావు. కొనేవాడి కన్ను ముందు చిన్నదాని మీదే పడుతుంది. దాని రేటే మిగతావాటికీ కడతాడు" అన్నాడు.

మిగిలిన ఇరవై ఏడింటినీ ఒక్కొక్కటిగా నడుం మీద చెయ్యి వేసి చూశాడు. ఆఖరి పక్కటెముక వెనకాల వెన్నెముక మీద వేళ్లతో నొక్కాలి. ఎముకల కొసలు పదునుగా తగిలితే జీవం చిక్కినట్టు, గుండ్రంగా తగిలితే కండ పట్టినట్టు, ఎంత నొక్కినా తగలకపోతే కొవ్వెక్కినట్టు. డాక్టర్లు దీనికే ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేస్తారు. నా పిల్లలు చాలావరకు మూడు దగ్గర ఉన్నాయని ఆయన చెయ్యి చెప్పింది. బొచ్చు కింద ఏముందో కంటికి తెలియదు, నేనే ఎన్నోసార్లు మోసపోయాను. ఆయన పదిహేనింటిని ఒక లాటు, అంటే ఒకే పాటలో కలిపి అమ్మే గుంపు, పన్నెండింటిని ఇంకో లాటు చేశాడు.

ఆయన మాటే నిజమైంది. పదిహేను పిల్లల లాటు పాట జరిగే రింగులోకి రాగానే, అన్నీ ఒక అచ్చులో పోసినట్టు ఉండటంతో, ముగ్గురు పోటీ పడ్డారు. ఆ రోజు నేను చూసినంతలో పిల్లలకి కిలో లెక్కన పలికిన పెద్ద రేట్లలో అది ఒకటి. పన్నెండు పిల్లల లాటు దానికి కాస్త తక్కువలో ఆగింది. ఆ నాలుగు చిన్నవాటి గురించి నేను ఆశ వదులుకున్నాను. మాంసం కొనేవాళ్లు వాటిని పట్టించుకోలేదు కానీ, పెంచుకుందామని వచ్చిన ఒక కుర్రాడు తలకింత అని పాడి తీసుకున్నాడు. అవి పెద్ద గుంపులో ఉండి ఉంటే ఆ కుర్రాడు పాటలోకే వచ్చేవాడు కాదు.

తూకం గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ప్రతి లాటుకీ ముందు కాటా సున్నా చూపించారు. అంకెలు అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ కనిపించేలా పైన బోర్డు మీద పడతాయి. బరువు ఇంటి దగ్గరకంటే తగ్గింది, అది కాటా తప్పు కాదు. బయలుదేరే ముందు నేను తూస్తే పిల్లకి సగటున 27 కిలోలు వచ్చింది. యార్డులో 25 కిలోల 600 గ్రాములు. ఐదు గంటల ప్రయాణం, ఆపైన ఒక రాత్రి ఎదురుచూపు. కడుపులో మేత, నీళ్లు ఖాళీ అయితే బరువు పడిపోతుంది. ఇక్కడే యార్డు మీద నా మొదటి ఫిర్యాదు. ముందురోజు సాయంత్రమే రమ్మన్నారు. రాత్రి గడ్డి ఇస్తారనుకున్నాను, ఇవ్వలేదు. ఆరు దొడ్లకి కలిపి ఒక్క నీటి తొట్టి, దాంట్లో పాచి పట్టి ఉంది. నా జీవాలు వాసన చూసి వెనక్కి వచ్చేశాయి. మా పెద్దోడు బకెట్లతో కుళాయి నీళ్లు మోశాడు. వెళ్లేవాళ్లు గడ్డి మోపు, రెండు బకెట్లు తప్పకుండా తీసుకెళ్లండి. వేలం రోజు పొద్దున్నే చేరుకునే వీలుంటే అదే మేలు.

రెండో ఫిర్యాదు పనివాళ్లు పట్టుకునే తీరు. కొందరు బొచ్చు పట్టి లాగుతున్నారు. అలా లాగితే చర్మం కింద రక్తం గడ్డకట్టి మాంసం కములుతుంది, జీవానికి నొప్పి. గడ్డం కింద ఒక చెయ్యి, వెనకవైపు ఒక చెయ్యి వేస్తే గొర్రె తనే నడుస్తుంది. నేను చెప్తే ఒకతను విన్నాడు, ఒకతను వినలేదు. రాత్రి చోటు చాలక నా గొర్రెల్లో కొన్నింటిని వేరేవాళ్ల గొర్రెలతో కలిపారు, అది ఇంకా బాధ. అవి తెల్లవార్లూ పడుకోలేదు. గొర్రెలు తోటి గొర్రెల ముఖాలు యాభై దాకా రెండేళ్లకు పైగా గుర్తుపెట్టుకుంటాయని 2001లో కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహాం సంస్థ పరిశోధకులు చూపించారు. మంద మధ్య తిరిగేవాళ్లకి ఇది కొత్త విషయం కాదు. తెలిసిన ముఖాలు పక్కన ఉంటే కొత్త చోట కూడా అవి నెమరు వేస్తూ నిలబడతాయి.

తల్లి గొర్రెల్లో ఆరు ముసలివి. ముందు పళ్లు కొన్ని ఊడిపోయాయి, కొన్ని సాగిపోయాయి, పొట్టి గడ్డి కొరకలేవు. ఇంకో కరువు నెల నా దగ్గర ఉంచితే చిక్కి శల్యమవుతాయి. మాంసానికే పోతాయని తెలిసే తెచ్చాను, బరువు లెక్కన న్యాయంగానే పోయాయి. ఏడు మాత్రం మంచి వయసులో ఉన్నవి. నాలుగు పళ్లవి మూడు, ఆరు పళ్లవి నాలుగు, అంటే సుమారు రెండు నుంచి మూడేళ్లవి. ఏడూ మూడు నెలల సూడి. డాక్టరుతో స్కానింగ్ చేయించి మరీ తెచ్చాను. గొర్రె సుమారు 147 రోజులకి ఈనుతుంది, కొన్నవాళ్ల దొడ్లో రెండు నెలల్లో పిల్లలు తిరుగుతాయి. ఇవన్నీ ఒక చీటీ మీద రాసి గేటు దగ్గర ఇచ్చాను. పళ్లు, సూడి, పొదుగు రెండు వైపులా మెత్తగా ఉందని, పోయిన ఈతలో పుట్టిన పిల్లలన్నీ బతికాయని.

రింగులోకి వచ్చాక పాట నడిపే ఆయన "ఏడు గొర్రెలు" అని మాత్రమే అన్నాడు. ఒక్కో లాటుకి ఒక నిమిషం కూడా ఉండదు. చుట్టూ కడ్డీల మీదకి వంగి చూసేవాళ్లకి వీపులు తప్ప ఏమీ కనిపించవు. నోరు తెరిచి చూడరు, పొదుగు పట్టి చూడరు. మాంసం వ్యాపారులే పాడుతున్నారు. వాళ్లది తప్పు కాదు, వాళ్లకి ఎవరైనా చెప్తేనే కదా. రెండోసారి అనేశాక నేను లేచి గట్టిగా అరిచాను, "ఆపండి, అవి సూడి గొర్రెలు!" అమ్మేవాళ్లు మూడోసారి అనకముందు వద్దనొచ్చని గేటు దగ్గర రాసి ఉంది, అది చదివి ఉండటం మంచిదైంది.

"చీటీ నా దగ్గరికి రాలేదక్కా" అన్నాడాయన. నిజమే, అది గేటు టేబుల్ మీదే ఉండిపోయింది. తెప్పించి చదివాడు, మళ్లీ పాట పెట్టాడు. అప్పుడు వెనక నుంచి ఒకామె ముందుకొచ్చి, దగ్గర నుంచి చూస్తానని అడిగింది. ఒప్పుకున్నారు. ఏడింటికీ పళ్లు చూసింది, మోకాళ్ల మీద కూర్చుని పొదుగులు పట్టి చూసింది, గిట్టలు ఎత్తి వాసన చూసింది. మొదటి పాట కంటే దాదాపు పావు వంతు ఎక్కువకి ఆమే తీసుకుంది. డబ్బు కంటే ఆమె చూసిన తీరు నాకు తృప్తినిచ్చింది. కానీ అప్పటికే మందలు పెంచేవాళ్లు చాలామంది తమ పని చూసుకుని వెళ్లిపోయారు. వాళ్లు ఉన్నప్పుడు పాట సరిగా జరిగి ఉంటే ఇంకా పలికేదని గట్టిగా నమ్ముతున్నాను. ఆ యార్డువాళ్లకి బరువు అమ్మడం బాగా వచ్చు. తల్లిని అమ్మడం ఇంకా రాలేదు.

మేనేజరు దగ్గరికి వెళ్లి ఇదే చెప్పాను. సాకుడు గొర్రెల్ని మాంసం జీవాలతో కలపకుండా, వాటికి వేరే సమయం పెట్టండి. పాటకి గంట ముందు కొనేవాళ్లని దొడ్లలోకి వదిలి నోళ్లూ పొదుగులూ చూసుకోనివ్వండి. చీటీ టేబుల్ మీద కాదు, దొడ్డి తలుపుకే కట్టండి, అదే రింగులోకి రావాలి. ఆయన ఓపిగ్గా విని రాసుకున్నారు. డబ్బు, తూకం చీటీ, కమిషన్ కోత లెక్క అదే రోజు సాయంత్రానికి చేతికిచ్చారు. లెక్క ముందు చెప్పినట్టే ఉంది.

పద్నాలుగోది అమ్ముడుపోలేదు. దానికి ఒక చన్ను మూసుకుపోయింది, పోయిన ఈతలో పొదుగువాపు వచ్చి. ఆ సంగతి నేనే చీటీ మీద రాశాను. దాచి అమ్మితే కొన్నవాళ్ల పిల్ల ఆకలితో చస్తుంది. ఒక్క చన్నుతోనే అది నా దగ్గర ఒక పిల్లని పెంచింది, ఆ పిల్లని అట్టిపెట్టుకున్నాను కూడా. పాట ముసలి గొర్రెల రేటు దగ్గరే ఆగితే వద్దని వెనక్కి తెచ్చుకున్నాను. యార్డు నుంచి వచ్చిన జీవాన్ని నేరుగా మందలో కలపకూడదు కాబట్టి ఇరవై ఒక్క రోజులు విడిగా ఉంచుతున్నాను, మేత, నీళ్లు వేరు. ఈరోజుకి తొమ్మిదో రోజు. ముక్కు పొడిగా ఉంది, మేత బాగా తింటోంది. మంద సాయంత్రం తిరిగొచ్చే వేళకి కంచె దగ్గరికి వచ్చి నిలబడి అరుస్తుంది, లోపల నుంచి దాని పిల్ల పలుకుతుంది.