ఈపాస్ ఫీజు రీయింబర్స్‌మెంట్: బీటెక్ నాలుగేళ్లు వాడాక నా రివ్యూ

తెలంగాణలో బీటెక్ చదివిన నాలుగేళ్లూ ఈపాస్ (గవర్నమెంట్ ఇచ్చే ఫీజు సాయానికి ఆన్‌లైన్‌లో అప్లై చేసే పోర్టల్) మీదే నెట్టుకొచ్చాను, ఇది లేకపోతే మా ఇంట్లో నన్ను ఇంజినీరింగ్‌కి పంపేవాళ్లే కాదు, అందుకే కొత్తగా చేరేవాళ్లు అన్నీ తెలుసుకుని అప్లై చెయ్యాలని రాస్తున్నా.

అప్లై చెయ్యడం పెద్ద కష్టమేం కాదు. బీసీలకి ఇంటి ఆదాయం ఊళ్లో అయితే ఏడాదికి 1.5 లక్షలు, టౌన్‌లో అయితే 2 లక్షలు దాటకూడదు, సీటు కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో వచ్చుండాలి, మేనేజ్‌మెంట్ సీటుకి రాదు.

ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాల్సింది ఒకటుంది, ఫీజంతా గవర్నమెంటే కట్టదు. బీసీలకి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు 10 వేల లోపు వస్తే ఫుల్ ఫీజు, నాకు దాటింది కాబట్టి ఏడాదికి 35 వేలే, మిగతాది నాన్న కట్టారు. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడే ఫీజులోంచి 35 వేలు తీసేసి, మిగిలింది నాలుగేళ్లకి ఎంతవుతుందో లెక్కేసుకోండి ప్లీజ్.

అసలు ఓపిక కావాల్సింది సబ్మిట్ చేశాకే. మీసేవలో వేలిముద్ర వెయ్యాలి, హార్డ్ కాపీలు కాలేజీలో ఇవ్వాలి, వాళ్లు వెరిఫై చేసి పంపితేనే వెల్ఫేర్ ఆఫీసులో శాంక్షన్ అవుతుంది, శాంక్షన్ అని కనిపించినా డబ్బు పడ్డట్టు కాదు, బిల్లు ట్రెజరీలో క్లియర్ అవ్వాలి. ప్రతి ఏడాదీ రెన్యువల్ ఉంటుంది, అటెండెన్స్ 75 శాతం తగ్గకూడదు.

నా ఫ్రెండ్ ఎస్సీ, వాళ్లకి కేంద్రం వాటా 60 శాతం నేరుగా స్టూడెంట్ అకౌంట్‌కే వస్తుంది. డబ్బు పడిందన్నారు, పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే రూపాయి లేదు, తీరా చూస్తే స్కూల్లో ఉన్నప్పుడు తీసిన వేరే బ్యాంక్ అకౌంట్‌లో పడి ఉంది. బ్యాంక్‌లో "ఆధార్ లింక్ అయ్యింది" అంటే ఆగిపోకండి, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ అకౌంట్‌లో పడాలో చెప్పే లింక్) ఈ అకౌంట్‌కే ఉందా అని అడగండి.

కోర్సు అయ్యాక మా కాలేజీలో, రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు, మీరు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి అన్నారు. జాయినింగ్ డేట్ దగ్గరపడింది, నాన్న అప్పు తెచ్చి కట్టారు, ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ. బకాయిల కోసం 2025 నవంబర్‌లో ప్రైవేట్ కాలేజీలు బంద్ కూడా చేశాయి, వాళ్ల బాధ వాళ్లకుంది, కానీ మధ్యలో నలిగేది పిల్లలే కదా. మీకూ అలా కట్టాల్సి వస్తే రసీదు తీసుకుని, రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తామని దాని మీదే రాయించుకోండి, మాకు డబ్బు వెనక్కి వచ్చింది ఆ కాగితం వల్లే.