చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌కి ఏ ట్యూబ్ మేలు: కొత్త జేజేనా, పాత బీఈఎలా?

ఈ వేసవిలో నన్ను కనీసం ఆరుగురు ఇదే అడిగారు. గుంటూరు అరండల్‌పేట నుంచి ఒకరు, బెంజ్ సర్కిల్ దగ్గరుండే స్నేహితుడు, మా బావమరిది, వాడి రూమ్మేటు, ఇలా. అందరిదీ ఒకటే కథ. 24 వోల్టుల అడాప్టర్‌తో నడిచే చిన్న హైబ్రిడ్ (ట్యూబూ ట్రాన్సిస్టర్లూ కలిసిన) యాంప్ ఆన్‌లైన్‌లో కొన్నారు, అందులో ఒకే ఒక్క 12ఏయూ7 ట్యూబ్ (పాత రేడియోల్లో వాల్వు అనేవాళ్లమే, అదే; దీనికే ఇంకో పేరు ఈసీసీ82) ఉంది, నెలరోజులు విన్నారు, ట్యూబ్ మారిస్తే పాట మొత్తం మారిపోతుందని ఎక్కడో చదివారు, ఇక అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. నా దగ్గరున్నదీ అలాంటి యాంపే. మూడు నెలలుగా దాంతో వచ్చిన చైనా ట్యూబ్, స్లొవేకియాలో తయారయ్యే జేజే ఈసీసీ82, మన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) పాత ఈసీసీ82, ఈ మూడూ మార్చి మార్చి వింటున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పడం కంటే ఒకచోట రాసేస్తే మేలనిపించింది.

ముందే చెప్పేస్తాను, నా లెక్కలో ట్యూబ్‌ని తేల్చేది తీపి, వెచ్చదనం, బేస్ కాదు. నిశ్శబ్దం. పాట లేనప్పుడు ఆ ట్యూబ్ ఎంత నోరు మూసుకుని ఉంటుందన్నదే.

ఎందుకంటే ఈ చిన్న యాంప్‌లలో చాలావాటికి వాల్యూమ్ తిప్పే పాట్ (నాబ్) ముందు ఉంటుంది, ట్యూబ్ దాని తర్వాత ఉంటుంది. మీరు వాల్యూమ్ తగ్గిస్తే పాట తగ్గుతుంది కానీ ట్యూబ్ పుట్టించే సుయ్యిమనే చప్పుడు తగ్గదు, అది ఎప్పుడూ అంతే ఉంటుంది. పరీక్ష చేసి చూడండి: వాల్యూమ్ సున్నాకి తిప్పి ఇయర్‌ఫోన్స్ చెవిలో పెట్టుకోండి. సుయ్ ఇంకా వినిపిస్తోందంటే అది పాటది కాదు, ఫోన్‌ది కాదు, వాల్యూమ్ తర్వాత ఉన్న భాగాలది, అందులో మొదటి అనుమానితుడు ట్యూబే. 300 ఓమ్‌ల సెన్‌హైజర్‌తో వింటే నాకు యాంప్‌తో వచ్చిన స్టాక్ ట్యూబ్ చప్పుడు దాదాపు తెలియలేదు. అదే ట్యూబ్‌తో చెవి లోపల పెట్టుకునే 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్స్ పెడితే ఎడమవైపు కంటే కుడివైపు ఎక్కువ సుయ్. రాత్రి పదకొండు దాటాక వీధి సద్దుమణిగి, ఆలాపనలో గాయకుడు ఊపిరి తీసుకునే ఆ అరక్షణంలో కుడి చెవిలో ఆ చప్పుడు వినిపిస్తే ఇంకేం సంగీతం? కాబట్టి మీ ట్యూబ్ ఎలాంటిదో చెప్పేముందు మీ హెడ్‌ఫోన్ ఏంటో నాకు చెప్పండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గుయ్‌మనే హమ్‌ని కూడా ట్యూబ్ ఖాతాలో వేస్తారు. ఈ యాంప్‌లలో హీటర్‌కి (ట్యూబ్‌ని లోపల వేడిచేసే తీగకి) డీసీనే వెళ్తుంది కాబట్టి హమ్ ఎక్కువసార్లు అడాప్టర్ నుంచో, ల్యాప్‌టాప్ చార్జర్ నుంచో వస్తుంది. చార్జర్ ప్లగ్ పీకేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి, లేదా ఫోన్ పెట్టి వినండి. హమ్ పోయిందా? అయితే ట్యూబ్‌కి పెట్టబోయే డబ్బు మిగిలింది. మా బావమరిది విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. వాడి అద్దె ఇంట్లో ప్లగ్ పాయింట్‌కి ఎర్తింగ్ లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది సరిచేయించుకున్నాక స్టాక్ ట్యూబ్‌తోనే హాయిగా వింటున్నాడు.

మూడో చప్పుడు ఖంగుమని మోగడం, దీన్నే మైక్రోఫోనిక్స్ అంటారు. ట్యూబ్ లోపల గ్రిడ్, కాథోడ్ అనే లోహపు భాగాల మధ్య దూరం చాలా తక్కువ, బయటి అదురుకి ఆ దూరం రవ్వంత మారినా కరెంటు మారుతుంది, ఆ మార్పు పాటతోపాటు పెద్దదై చెవికి చేరుతుంది. పెన్సిల్ వెనక రబ్బరుతో గాజు మీద మెల్లగా తట్టండి. చిన్నగా టక్ అంటే పర్వాలేదు, గుడి గంటలా సాగితే అది హెడ్‌ఫోన్‌కి పనికిరాదు. మన ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మే నెలలో టేబుల్ ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, యాంపూ ఫ్యానూ ఒకే బల్ల మీద ఉంటాయి, ఆ అదురంతా ట్యూబ్‌లోకి వెళ్తుంది.

ఇక బీఈఎల్ సంగతి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1954లో మొదలైంది, 1960ల నుంచి రేడియో వాల్వులు చేసింది. ఒకాయన బందరు వెళ్తే దొరుకుతాయా అని అడిగారు. దొరకవు. మచిలీపట్నంలో బీఈఎల్ యూనిట్ ఉన్న మాట నిజమే కానీ అది పాత ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ, అక్కడి పని ఆప్టికల్ సామాను. ఇంకొకరు తాతగారి వాల్వు రేడియోలోంచి తీసి పెట్టొచ్చా అన్నారు. దయచేసి ఆ పని చేయకండి. విజయవాడ స్టేషన్ వినిపించిన ఆ ఫిలిప్స్, మర్ఫీ రేడియోల్లో ఎక్కువగా ఉండేవి ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈఎల్84 లాంటివి, మీ యాంప్ సాకెట్‌కి వాటితో పనిలేదు. రేడియోని అలాగే ఉండనివ్వండి.

నాకు బీఈఎల్ దొరికింది వన్‌టౌన్‌లో, ఒకప్పుడు పెళ్లిళ్లకి మైక్ సెట్లు అద్దెకిచ్చిన పెద్దాయన దగ్గర. అటక మీంచి అట్టపెట్టె దించారు. అందులో అన్నీ ఈఎల్34లు, ఈసీసీ83లే. నేను ఆశగా ఒక 83 తీస్తే ఆయనే ఆపారు.

"అది ఎనభై మూడు బాబూ. నీకు కావాల్సింది ఎనభై రెండు."

"పిన్నులు ఒకటేగా బాబాయ్ గారూ?"

"కాళ్లు ఒకటే. పని వేరు. అది మైకు దగ్గర పెట్టేది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం, చాలామంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రెంటికీ హీటర్ ఒకటే, 12.6 వోల్టుల దగ్గర 150 మిల్లీయాంప్‌లు, కాబట్టి పెడితే ఏమీ కాలిపోదు. కానీ ఈసీసీ82 యాంప్లిఫికేషన్ (సిగ్నల్‌ని పెంచే అంకె) 17 దగ్గర ఉంటే ఈసీసీ83ది 100. అది చూసి ఎక్కువ కదా మంచిదే అనుకుంటారు. అసలు విషయం ప్లేట్ రెసిస్టెన్స్‌లో, అంటే ట్యూబ్ లోపల కరెంటుకి ఉండే అడ్డులో ఉంది: 82కి సుమారు 7,700 ఓమ్‌లు, 83కి సుమారు 62,500. 250 వోల్టుల సర్క్యూట్‌లో 83 బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మైక్ సెట్లలో అందుకే వాడారు. మన చిన్న యాంప్ ఇచ్చేది 24 వోల్టులు. ఆ వోల్టేజీకి 82 అయినా కాస్త నెగ్గుకొస్తుంది కానీ 83లోంచి కరెంటు ఉన్నా లేనట్టే. అయినా ఒకటి ఇంటికి తెచ్చి పెట్టి చూశాను, బోర్డు మీద ట్యూబ్ కరెంటుని సరిచేసే చిన్న స్క్రూ (బయాస్ ట్రిమ్‌పాట్) ఎటు తిప్పినా గొంతు బొంగురుగానే ఉంది, గట్టిగా పాడేచోట చిట్లిపోయింది. మధ్యలో ఈసీసీ81 అని ఇంకొకటి ఉంది, దాని యాంప్లిఫికేషన్ 60, అదీ ఈ యాంప్‌కి కాదు.

పెట్టె అడుగున మాత్రం ఈసీసీ82లు రెండు దొరికాయి. మొదటిది ఇంటికి తెచ్చి పెట్టగానే గొంతు ఎంత బాగా వచ్చిందో, ఫ్యాన్ వేయగానే ఒకటే మోత. రెండోది అలా కాదు. తట్టినా టక్ అని ఊరుకుంటుంది, సుయ్ కూడా స్టాక్ కంటే బాగా తక్కువ, జేజేతో పోలిస్తే ఇయర్‌ఫోన్స్‌లో ఒక్క పిసరు ఎక్కువేమో. ఒకే కంపెనీ, ఒకే పెట్టె, రెండు ట్యూబులు, ఇంత తేడా. పాత ట్యూబ్ కొనడమంటే ఇదే. ఒకటి కొంటే జూదం, రెండు మూడు కొని అందులో ఒకటి ఏరుకుంటే పద్ధతి. చేతిలోకి తీసుకున్నప్పుడు గాజు పైభాగంలో వెండి పూతలా మెరిసే మచ్చ చూడండి, అది పాలలా తెల్లబడి ఉంటే లోపలికి గాలి చేరినట్టు, తీసుకోవద్దు.

జేజే దీనికి పూర్తిగా ఎదురు. కొత్తది, పెట్టెలో వచ్చింది, పెట్టాను, చప్పుడు లేదు, రెండు చెవుల్లోనూ సమానం, ఫ్యాన్ పక్కన పెట్టినా ఉలకదు పలకదు. దాని గురించి రాయడానికి ఇంతకంటే లేదు, అదే దాని గొప్ప.

మరి పాట సంగతి? ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు ట్యూబుల గెయిన్ (పాటని పెంచే మోతాదు) కొంచెం తేడాగా ఉంటుంది, గట్టిగా వినిపించేది మనకి మంచిదిగా వినిపిస్తుంది. జేజే పెట్టిన మొదటి రోజు నేనూ అలాగే పడిపోయాను, తర్వాత మల్టీమీటర్ పెట్టి చూస్తే అది కాస్త ఎక్కువ వోల్టేజీ ఇస్తోందని తేలింది. ఫోన్‌లో 200 హెర్ట్‌జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ కనెక్ట్ చేసి ఉండగానే అవుట్‌పుట్‌లో ఏసీ వోల్టేజీ కొలవండి. ఒకదానితో 0.300 వచ్చిందంటే రెండోదానితో 0.295 నుంచి 0.305 లోపు వచ్చేలా వాల్యూమ్ సరిచేసుకుని అప్పుడు పోల్చండి.

అలా సరిచేసి, మా బావమరిదిని ఆదివారం కూర్చోబెట్టి, నాకు చూపించకుండా వాడి చేత అయిదుసార్లు మార్పించాను. స్టాక్ ట్యూబ్‌ని ప్రతిసారీ పట్టుకున్నాను, అదీ పాటని బట్టి కాదు, కుడి చెవిలో సుయ్‌ని బట్టి. జేజేకీ రెండో బీఈఎల్‌కీ మాత్రం ఒకసారి తప్పు చెప్పాను. మార్చిన ప్రతిసారీ చల్లారడానికి, మళ్లీ వేడెక్కడానికి పావుగంట పడుతుంది, అంతసేపు ఒక గొంతుని చెవిలో నిలుపుకోవడం కష్టం. అయినా బీఈఎల్‌తో ఆడగొంతు కొంచెం దగ్గరగా, వయొలిన్ కొంచెం మెత్తగా వినిపిస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఇప్పుడు నా యాంప్‌లో ఉన్నది అదే. కానీ అడిగినవాళ్లకి మొదట చెప్పేది జేజేనే. చప్పుడు లేని బీఈఎల్ మీ చేతికే వస్తుందని నేను మాటివ్వలేను కదా.

టెలిఫంకెన్, పాత మల్లార్డ్ లాంటి పేరున్న యూరప్ ట్యూబుల గురించి అడిగినవాళ్లకి: ట్యూబ్ ధర యాంప్ ధరని దాటిపోతుంది, ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోండి. మీ యాంప్‌లో ఉన్నవి 12ఏయూ7 కాకుండా ఏడు కాళ్ల 6జే1 ట్యూబులైతే వాటి బదులు 5654 గానీ, రష్యన్ 6జె1పీ గానీ చవకలో దొరికితే సరదాగా ప్రయత్నించండి. డార్క్‌వాయిస్ లాంటి పెద్ద ట్యూబుల యాంప్ సంగతి పూర్తిగా వేరు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. 6డీజే8, 6922 అనే వేరే రకం ట్యూబులు కూడా తొమ్మిది కాళ్లవే, మీ సాకెట్‌లో చక్కగా దిగుతాయి. దిగినంత మాత్రాన పెట్టకండి. వాటి హీటర్ 6.3 వోల్టులది. 12ఏయూ7 కోసం 12.6 వోల్టులు ఇచ్చే సాకెట్‌లో పెడితే హీటర్ కాలిపోతుంది. కొన్ని బోర్డుల మీద మార్చుకునే జంపర్ ఉంటుంది, ఉంటే అది సరిచూసుకున్నాకే. అసలు 6డీజే8 కోసమే చేసిన యాంప్ ఉన్నవాళ్లు అందులో రష్యన్ 6ఎన్1పీ పెట్టేముందు కూడా ఆలోచించండి, దాని హీటర్ 600 మిల్లీయాంప్‌లు లాగుతుంది, 6డీజే8 లాగేది 365. మన ఎండలకి గదే కొలిమిలా ఉంటుంది, హీట్‌సింక్ మీద వేలు పెట్టలేని రోజుల్లో హీటర్‌కి కరెంటిచ్చే రెగ్యులేటర్ మీద ఆ అదనపు బరువెందుకు.

మార్చేటప్పుడు ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగండి, నిలువుగా కొద్దికొద్దిగా కదుపుతూ లాగండి, వంగిన కాలు ఉంటే పెట్టేముందే సరిచేయండి. ఆన్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్ తీసేసి ఉంచండి, వేడెక్కేలోపు వచ్చే ఆ దబ్‌మనే దెబ్బ ఇయర్‌ఫోన్స్‌కి మంచిది కాదు.

మోగే మొదటి బీఈఎల్‌ని మొన్న వన్‌టౌన్ తీసుకెళ్లి తిరిగి ఇవ్వబోతే పెద్దాయన తీసుకోలేదు. "స్పీకర్ల యాంప్ కట్టుకున్నప్పుడు పెట్టుకో, దూరం నుంచి వింటే అంత తెలీదు" అన్నారు. వచ్చే వారం రెండో అటక దింపుతారట, అందులో ఇంకో రెండు ఎనభై రెండులైనా ఉండాలంటున్నారు. మోగనిది దొరికితే అది అరండల్‌పేటకే.